పదకొండు చేయవద్దని మనవి

తేదీ: 24-11-2025, సోమవారం

పౌర సహాయ కేంద్రాల సాంకేతిక పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,
కామారెడ్డి.

అర్జీదారు: చక్రధర్, తండ్రి కీ.శే. ఎంకయ్య, వయస్సు 39, పౌర సహాయ కేంద్రం ఆపరేటరు, బస్టాండు ఎదురు వరుస, ఎల్లారెడ్డి.

విషయం: నా కేంద్రములోని కంప్యూటరు ఆపరేటింగ్ సిస్టమును పది నుండి పదకొండుకు మార్చవలెనా, మార్చకూడదా అను సంగతి తేల్చి చెప్పుట గురించి.

సూచిక: 1) తమ కార్యాలయపు మొదటి సర్క్యులర్ (మార్చమని). 2) తమ కార్యాలయపు రెండవ సర్క్యులర్ (మార్చిన పిమ్మట ఏమి జరిగినా ఆపరేటరుదే బాధ్యత అని). 3) హన్మవ్వ గారి బొటనవేలు.

అయ్యా,

పై విషయములో మనవి చేసుకొనునది ఏమనగా, నేను పన్నెండేళ్లుగా ఎల్లారెడ్డి బస్టాండు ఎదుట సదరు కేంద్రము నడుపుకొనుచున్నాను. పొలము పహాణీ నకలు కోసమని, పేరులో తప్పు దిద్దించుట కోసమని, ఇంటి మీదికి ఒరిగిన కరెంటు స్తంభము జరిపించుట కోసమని ఇతరుల తరఫున వేల అర్జీలు టైపు చేసితిని. నా పేరున రాసుకొనుట ఇదే మొదలు. అలవాటు కొద్దీ ఎక్కడైనా నన్ను నేనే "సదరు నిరుపేద వితంతువు" అని రాసుకొని ఉన్నచో మన్నించగలరు. ఇందులో నా స్వలాభము ఏమియు లేదని కూడా మొదటనే మనవి చేయుచున్నాను.

1. నా కంప్యూటరు ప్రస్తుతము పదిలో ఉన్నది. ప్రతి ఉదయం తెరవగానే తెర నడుమ ఒక నీలి పెట్టె వచ్చి, "మీ కంప్యూటరు పదకొండుకు సిద్ధముగా ఉన్నది" అని శుభవార్త చెప్పును. దాని కింద రెండు బొత్తాములు. ఒకటి "ఇప్పుడే". రెండవది "తరువాత". "వద్దు" అను బొత్తాము లేదు. నేను మూలమూలలా వెదికితిని. కళ్లద్దాలు పెట్టుకొని వెదికితిని. ఏడు నెలల కింద ఇది మొదలైన నాటి నుండి "తరువాత" నొక్కుచు వచ్చితిని. దసరా దాటగానే ఆ బొత్తాము కూడా పోయి, దాని స్థానములో "ఈ రాత్రికి" అని వచ్చినది. అప్పటి నుండి సాయంత్రం కేంద్రము మూయునపుడు ఇంటర్నెట్ తీగను పీకి, చుట్టి, జేబులో పెట్టుకొని ఇంటికి పోవుచున్నాను. "తాళంచెవి యాది మరుస్తవు గని గీ వైరు మాత్రం మరువవు" అని నా భార్య ప్రణీత అనుచున్నది. ఆమెకు ఇందులోని చిక్కు చెప్పలేదు. చెప్పిన పిమ్మట ఆమె కూడా తీగను గురించే ఆలోచించును, ఇంట్లో ఒక్కరమైనా వేరే సంగతులు ఆలోచించవలెను కదా అని ఊరుకున్నాను.

2. మారితే నీకు వచ్చిన నష్టమేమి అని తమరు అడుగవచ్చును. నా వద్ద ఉన్న వేలిముద్రల యంత్రము పాతది. దానిని తయారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడినది. అది పది వరకు పనిచేయును, పదకొండులో పనిచేయదు. పదకొండుకు తమరు కొత్త యంత్రము నిర్ణయించినారు. అది మంచి యంత్రమే. చాలా నిశితముగా చూచును. అంత నిశితముగా చూచుట వలన దానికి మా వైపు ఆడవాళ్లు కనబడుట లేదు.

మా వైపు ఆడవాళ్లు బీడీలు చేయుదురని తమకు తెలియనిది కాదు. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు నింపి, బొటనవేలితో ఒత్తి చుట్టి, కొస మడిచి, దారము కట్టవలెను. దినమునకు వెయ్యి. నలభై ఏళ్లు. అన్ని వేల సార్లు ఒత్తిన వేలి మీద గీతలు ఉండవు, గులకరాయి వలెనే నున్నగా ఉండును. మా పాత యంత్రపు గాజు గీరలు పడి పసుపుపచ్చగా మారినది గానీ దానికి ఓపిక ఉన్నది. ఏడు సార్లు పెట్టినా, ఎనిమిది సార్లు పెట్టినా, చివరకు ఆకుపచ్చ దీపము వెలుగును. నేను కూడా ప్రతి ఉదయం అదే గాజు మీద వేలు పెట్టియే కేంద్రము తెరచుచున్నాను.

పింఛను తీసుకొను ప్రతి బీడీ కార్మికురాలు మూడు నెలలకొకసారి వేలు పెట్టి తాను బతికి ఉన్నట్లు రుజువు చేయవలెను. గడువులోగా వేలు పడనివారి పేరు ఎదుట "జీవించి లేరు" అని దానంతట అదే వచ్చును. రాసినవారు ఎవరని అడుగుటకు ఎవరూ ఉండరు. ఇటువంటివారు నా జాబితాలో మొదట నలభై ముగ్గురు.

3. మారకుండా ఉండవచ్చును కదా అని కూడా తమరు అడుగవచ్చును. మొదటి సర్క్యులర్ ప్రకారము ఈ నెల ముప్పై లోపు పదకొండుకు మారని కంప్యూటర్లకు ప్రవేశము మూయబడును. వేలు పెట్టు గడువు వచ్చే నెల ఒకటిన మొదలగును. ఈ రెండు గడువులు ఒక్క రోజు కలిసిననూ నేను ఆ ఒక్క రోజులో అందరినీ ఆటోలు మాట్లాడి పిలిపించి ఉందును. క్యాలెండరు చూచితిని. ముప్పై మరునాడే ఒకటి, రెండునూ ఎక్కడా కలియుట లేదు.

మారితే వాళ్లు పోతారు. మారకపోతే కేంద్రము పోతుంది, అప్పుడు కూడా వాళ్లే పోతారు. ఏడు నెలలుగా నేను ఈ రెండు వాక్యముల మధ్య కూర్చొని ఉన్నాను.

4. రెండు కంప్యూటర్లు పెట్టుకొనుటకు వీలు లేదు. కేంద్రమునకు ఒకటే నమోదు.

5. ఇది ఊహించి రాయుచున్నది కాదు. కామారెడ్డిలో రైల్వే గేటు పక్కన కేంద్రము నడుపు సతీశ్ నాకు స్నేహితుడు. అతను ఆగస్టులో "ఇప్పుడే" నొక్కినాడు. చాయ తాగి వచ్చేసరికి పదకొండు అయిపోయినది. చాలా అందముగా ఉన్నదని, బొమ్మలన్నీ నడిమికి వచ్చినవని నాకు ఫోను చేసి చెప్పినాడు. మరునాడు అక్కడి బీడీ కార్మికురాలు ముత్తవ్వ గారు వచ్చి వేలు పెట్టినది. పడలేదు. చెయ్యి కడిగించినాడు, కొబ్బరినూనె రాయించినాడు, ఎడమచేతి వేళ్లన్నీ పెట్టించినాడు. పడలేదు. పదకొండు నుండి వెనుకకు పదికి రావచ్చునని విని వెనుకకు వచ్చినాడు. కానీ తమ పోర్టల్ "మీరు ఇదివరకే పదకొండు" అని చెప్పి, పదిలో లోపలికి రానీయలేదు. తిరిగి పదకొండుకు పోయినాడు. ఈ రాకపోకలలో ఆగస్టు నెల అయిపోయి, ముత్తవ్వ గారు జీవించి లేరు.

అనగా కంప్యూటరులో లేరు. మనిషి మాత్రము సతీశ్ కేంద్రము మెట్ల మీద కూర్చొని ఉన్నది. "నేను సచ్చిన్నని నీకెవలు చెప్పిన్రు?" అని అతనిని అడిగినది. అతను కంప్యూటరును చూపించినాడు. "దానికెవలు చెప్పిన్రు?" అని అడిగినది. ఆఖరుకు ఆమె బస్సెక్కి గంటన్నర ప్రయాణము చేసి ఎల్లారెడ్డి వచ్చినది. మృతులైనవారు తాము బతికి ఉన్నామని దరఖాస్తు చేసుకొనుటకు తమరు ఇచ్చిన వారము గడువులో అది ఆరవ దినము. మా పాత గాజు మీద తొమ్మిదవసారి పెట్టగా ఆకుపచ్చ దీపము వెలిగినది. ముత్తవ్వ గారు ఆరు దినములు మృతురాలై ఉండి, నా కేంద్రములో బతికినది. ఆ దినము బయట వరుసలో నిలబడిన ఆడవాళ్లు చప్పట్లు కొట్టినారు. ముత్తవ్వ గారి ద్వారా ఈ సంగతి తెలిసి ఇప్పుడు కామారెడ్డి, సదాశివనగర్ ఆడవాళ్లు కూడా ఎల్లారెడ్డికే వచ్చుచున్నారు. జిల్లాలో వారిని గుర్తుపట్టు గాజు ఇది ఒక్కటే మిగిలినదని వారి నమ్మకము. అది తప్పని చెప్పుటకు నా వద్ద ఆధారము లేదు.

6. ఆపరేటర్ల కోసము తమరు పెట్టిన సహాయ నంబరుకు ఫోను చేసితిని. పాట పూర్తిగా రెండు సార్లు విన్న తరువాత ఒక అమ్మాయి మాట్లాడినది. తన పేరు సాయిశ్రీ అని చెప్పినది, మర్యాదగానే మాట్లాడినది.

"వేలు పడనివారికి మినహాయింపు ఫారం ఉంటది సార్. కొత్త యంత్రం మీద పదిసార్లు పడలేదని చూపిస్తే ఫారం నింపొచ్చు."

"అయితే పదకొండుకు మారితే ఫారం నింపొచ్చునమ్మా?"

"ఫారం పేజీ ఇంకా పదకొండుల తెరుచుకుంటలేదు సార్. అది పదిలనే తెరుచుకుంటది."

"అంటే పదకొండుల పదిసార్లు పడకుండ చేసుకొని, పదికి వచ్చి ఫారం నింపాలె."

"అవును సార్."

"పదకొండుకు పోయినోళ్లను పదిల రానిస్తలేరు గదమ్మా."

ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "సార్, మా అమ్మమ్మ కూడ బీడీలు చేస్తది. ఆమె వేలు కూడ పడుతలేదు. మీ కేంద్రం ఎల్లారెడ్డిల యాడ?" అని అడిగినది. చిరునామా చెప్పితిని. ఆ దినము నుండి జాబితాలో నలభై నలుగురు.

వారము దినములు పని మానివేసినచో వేలి మీద చర్మము తిరిగి వచ్చునని కూడా ఆమె కాగితము చూచి చదివినది. మా ఆడవాళ్లకు ఇది తెలియని సంగతి కాదు. దీనిని వారు "వేలు పండబెట్టుడు" అందురు. పాత యంత్రమునకు ఒక్క దినము పండబెట్టిన చాలును. కొత్త దానికి పదిహేను దినములు చాలలేదు. పదిహేను దినములు ఆకు ముట్టనివారి పేరు కార్ఖానాదారు జాబితాలో నుండి కొట్టివేయును. పేరు కొట్టివేసినచో ఆమె బీడీ కార్మికురాలు కాదు. ఆమె బీడీలు చేసినది అనుటకు రుజువు ఆమె వేలు అరిగియుండుట. తమరు అడుగు రుజువు ఆమె వేలు అరగకుండుట. ఈ రెండునూ ఒకే వేలికి ఎట్లు ఉండునో తమరు సెలవిచ్చినచో వారికి చెప్పగలవాడను.

7. ఇక సూచికలో మూడవది. గాంధారి మండలము నుండి హన్మవ్వ గారు, వయస్సు 66, గత గురువారము మధ్యాహ్నము వచ్చినది. గడువు మొదలగుటకు ముందే వేలు పడుతుందో లేదో చూచుకొనుట ఆమెకు అలవాటు. ఆమె బల్ల ముందర నిలబడి ఉండగా నీలి పెట్టె వచ్చినది. నేను అలవాటుగా పైకి చదివితిని.

"ఏమంటున్నది బిడ్డ అది?"

"పదకొండుకు పోదామా అని అడుగుతున్నదవ్వ."

ఆమె చెయ్యి వెనుకకు తీసుకున్నది. "పదకొండు ఎవలకు చేస్తున్నరు?"

మా వైపు మనిషి పోయిన పదకొండవ దినమున చేయు కర్మను ఉట్టిగా "పదకొండు" అనుట వాడుక. ఈ సంగతి సర్క్యులర్ రాసినవారికి తెలియకపోవచ్చును. పన్నెండేళ్లుగా ఇక్కడే ఉన్న నాకు తట్టలేదు, అది నా తప్పు.

"కంప్యూటర్‌కు అవ్వ."

"కంప్యూటర్ సచ్చిందా?"

"సావలేదు."

"సావనిదానికి పదకొండెట్ల చేస్తరు?"

ఇది వేరే పదకొండని, ఒక నంబరని, కంప్యూటరు లోపలి వ్యవస్థ కొత్తదగునని విడమరచి చెప్పితిని. ఆమె అంతయు విన్నది. బీడీలు చేయువారు వినునపుడు కూడా చేతులు ఊరకుండవు, ఆమె కొంగు కొస చుట్టుచూ, విప్పుచూ విన్నది.

"మరి గదైనంక నా వేలు పడ్తదా?"

"పడదవ్వ."

"పడకుంటె?"

"నువ్వు లేవని రాస్తది."

"అంటే నాకే గదరా పదకొండు" అని ఆమె బెంచీ మీద కూర్చున్నది.

అయ్యా, నేను ఆ నిమిషమున తీగ పీకివేసితిని. మధ్యాహ్నము మూడు గంటలకు, వరుసలో పదిమంది ఉండగా పీకివేసితిని. కరెంటు పోయినదని వారికి అబద్ధము చెప్పితిని. పైన ఫ్యాను తిరుగుచునే ఉన్నది.

8. నేను కొత్తదానికి విరోధిని కాను. ఊరిలో మొదటి ప్రింటరు నాదే. కొత్తది రావలెను, పాతది పోవలెను, అది నాకు తెలియును. ముఖము చూచి గుర్తుపట్టు పద్ధతి రానున్నదని తమరే రాసినారు, సంతోషము. కంటిపాప చూచు యంత్రము జిల్లాకు ఒకటి వచ్చినదని విన్నాము, చూడలేదు. ఇవి వచ్చుదాకా నలభై నలుగురు ఎక్కడ ఉండవలెనో సర్క్యులర్‌లో రాయలేదు. నేను రెండు వైపులా తిప్పి చూచితిని.

రోజూ పొద్దున్నే నన్ను అడుగుతున్నారు, ఇప్పుడేనా, ఈ రాత్రికా అని. నా వయసు ముప్పై తొమ్మిది. ఇంతమంది బతుకు ఒక మౌసు నొక్కుడు మీద పెట్టి నన్ను కూర్చోబెట్టినారు. నాకు భయమేస్తుంది సార్. చెయ్యి మౌసు మీద పెట్టాలంటే భయమేస్తుంది. పొరపాటున తుమ్మినా నొక్కుడు పడుతుందేమోనని మౌసును బోర్లా పెట్టి తుమ్ముచున్నాను.

పై పేరాలో వ్యావహారికము దొర్లినందుకు చింతించుచున్నాను. దిద్దుటకు మనసు రాలేదు.

కావున తమరు దయయుంచి ఈ కింది వానిలో ఏదైనా ఒకటి చేయించగలరని ప్రార్థన:

అ) ముఖము చూచు పద్ధతి ఎల్లారెడ్డి వచ్చువరకు నా ఒక్క కంప్యూటరును పదిలో ఉండనిచ్చుట.

ఆ) అది కుదరనిచో, "హన్మవ్వ గారిని నేను కళ్లారా చూచితిని, ఆమె నాతో కొట్లాడినది, కావున జీవించి ఉన్నది" అని రాసి నేను సంతకము పెట్టుటకు అవకాశము కల్పించుట. నలభై నాలుగు సంతకములు పెట్టుటకు నేను సిద్ధము.

ఇ) రెండునూ కుదరనిచో, "వద్దు" అను బొత్తాము ఒకటి. చిన్నదైనా పరవాలేదు.

నిర్ణయము తమది, వేళ్లు మావి. ఇట్టి సంగతులు తమరు చిత్తగించవలెను. తీరిక లేనిచో ఏడవ అంశము వరకైనా చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఈ నెల ముప్పై వరకు పదిలోనే ఉండువాడు,
చక్రధర్

తాజా కలము (చేతిరాత):

అయ్యా, పైన టైపు చేసినది పొద్దున ఎల్లారెడ్డిలో. ఇది రాస్తున్నది మధ్యాహ్నం కామారెడ్డిలో, సతీశ్ కేంద్రం బల్ల మీద. హన్మవ్వ నాతోపాటు వచ్చింది. తన వేలు సారుకు స్వయంగా చూపిస్తానని బస్సెక్కింది.

మీ ఆఫీసులో కాగితాలు తీసుకునే అరుణజ్యోతి మేడం అర్జీ చదివి, ఆపరేటర్లు ఇచ్చే అర్జీ మీద ఆపరేటరు వేలిముద్ర ధ్రువీకరణ ఉండాలన్నారు. ఏదైనా పదకొండు కేంద్రంలో కొత్త యంత్రం మీద వేలు పెట్టి, ఆ చీటీ జతచేసి తెమ్మన్నారు. అందుకని సతీశ్ దగ్గరికి వచ్చాము.

"పెట్టన్నా, నీదేంది, టక్కున పడ్తది. నువ్వేమన్న బీడీలు చేసినవా?" అన్నాడు సతీశ్.

పెట్టాను. సరిపోలలేదు. తుడిచి పెట్టాను. సరిపోలలేదు. ఎనిమిదోసారికి సతీశ్ తెర వైపు చూడడం మానేసి నా వైపు చూశాడు.

అయ్యా, ఇందులో నా స్వలాభం లేదని మొదట్లో రాసింది అబద్ధం. నాలుగో తరగతి నుండి డిగ్రీ అయ్యేదాకా నేను మా అమ్మ నాగవ్వ పక్కన కూర్చొని బీడీలు చుట్టాను. నాన్న పోయాక ఇల్లు ఆ బీడీల చాట మీదనే నడిచింది. మానేసి ఇన్నేళ్లయినా అప్పుడు అరిగిన గీతలు మళ్లీ సరిగా రాలేదు. మగపిల్లగాడు బీడీలు చేయడం మా ఊర్లో చెప్పుకునే సంగతి కాదు, అందుకని తలుపు మూసుకొని చుట్టేవాళ్లం. పెండ్లయ్యాక ప్రణీతకు కూడా చెప్పలేదు. ప్రతి ఉదయం కేంద్రం తెరవడానికి నేను అయిదారుసార్లు వేలు పెట్టాల్సి వస్తుంది, అందుకే అందరికంటే ముందు వచ్చి తెరుస్తాను. ఇన్నాళ్లు నేను "తరువాత" నొక్కింది, తీగ పీకింది వాళ్ల కోసమే అనుకున్నాను, మీకూ అట్లనే రాశాను. పదకొండు వస్తే వాళ్లకంటే ముందు పోయేది నేనే.

హన్మవ్వ నా చెయ్యి గుంజుకొని వేలు వెలుతురుకు తిప్పి చూసింది. నిమిరి చూసింది. "గిది మా వేలేరా! ఇన్నొద్దులు చెప్పకపోతివి" అంది. నేను తల దించుకున్నాను. నా చెయ్యి మాత్రం ఆమె వదలలేదు. కొంచెంసేపటికి, "సార్‌కు రాయి బిడ్డ, మన ఇద్దరి పదకొండు ఒక్కనాడే పెట్టుమను. వంట ఒక్కటే అయితది" అని నవ్వింది. సతీశ్ నవ్వలేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

చీటీ రాలేదు కాబట్టి జతచేయలేదు. దాని బదులు సతీశ్ దగ్గరి స్టాంపు ప్యాడు మీద బొటనవేలు అద్ది ఈ కాగితం అడుగున వేశాను. నా పక్కన హన్మవ్వ కూడా వేసింది. రెండింటిలోనూ గీత ఒక్కటి కూడా కనబడదు. సిరా ఒలికిందనుకొని మీ ఆఫీసులో ఎవరైనా ఈ కాగితం తిప్పి పంపుతారేమో. ఒలికింది కాదు సార్. ఎడమవైపు ఉన్నది హన్మవ్వ. కుడివైపు ఉన్నది నేను.